సర్పంచమ్మ పెనిమిటి

సర్పంచ్ పెళ్లాన్ని ఊరు సర్పంచమ్మ అంటుంది. ఆమె వంటింటి గడప దాటకపోయినా, పంచాయతీ ఆఫీసు ఎటువైపు ఉందో తెలియకపోయినా ఆ పిలుపు దక్కుతుంది. మరి పెళ్లామే సర్పంచ్ అయితే మొగుణ్ణి ఏమనాలి? మా ఊళ్లో ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. సన్మాన సభల్లో నా భార్యకు శాలువా కప్పాక నిర్వాహకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎక్కడి నుంచో ఒక తువ్వాల తెచ్చి నా భుజాన వేస్తారు. మైకు పట్టుకున్నవాడు "మరియు వారి... వారి..." అని నసిగి, "వారి కుటుంబ సభ్యులు" అంటాడు. నేనొక్కణ్ణే కుటుంబ సభ్యులు. చప్పట్లు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి.

మా ఊరు సిద్దిపేట నుంచి కోహెడ పోయే దిక్కున ఉంటుంది. మాది పటేలోళ్ల ఇల్లు. మా తాత పటేల్, మా నాయిన పటేల్. ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరు పడినా మా అరుగు మీద తేలాల్సిందే. నేను చేతికొచ్చేసరికి పటేల్‌గిరీని సర్కారు ఎత్తేసింది. ఉన్న భూమిలో సగం బోర్లు వేయించడంలోనే కరిగిపోయింది. అయితే చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు పిలుపు మాత్రం మిగిలింది. హోటల్‌కు పోతే "రా పటేలా, కూసో" అని బెంచీ మీద జాగ ఇచ్చేవారు. ఆ జాగ కోసమే నేను రోజూ అక్కడ చాయ్ తాగేవాణ్ణి. చాయ్ మాటకొస్తే మా ఇంట్లోదే నయం.

మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు అయిందని తెలిసిన రోజు నాకొక ఆలోచన వచ్చింది. పేరు ఆమెది, పెత్తనం నాది. ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. చుట్టుపక్కల ఊళ్లలో అదే నడుస్తోంది. సర్పంచ్ ఇంట్లో రొట్టెలు చేస్తుంటుంది, ఆమె మొగుడు పంచాయతీ కుర్చీలో కూర్చుని మీసం దువ్వుతుంటాడు. జనం ఆయన్నే సర్పంచ్ సాబ్ అంటారు. నేను కూడా ఆ లెక్కనే ఖద్దరు అంగీలు కుట్టించుకున్నాను. అవి ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. పెళ్లిళ్లకు వేసుకుంటున్నాను.

నా భార్య సిద్దిపేట పిల్ల. వాళ్ల నాయినకు ఎరువుల దుకాణం ఉండేది. చిన్నప్పటి నుంచి గల్లా దగ్గర కూర్చుని, యూరియా అయిపోయిందంటే కొట్లాటకు వచ్చే రైతులకు నీళ్లిచ్చి, నాలుగు మాటలు చెప్పి, నవ్వుతూ పంపడం నేర్చిన మనిషి. పెళ్లయ్యాక మా ఇంట్లో ఆ విద్యతో పని పడలేదు. నేను ఆ సంగతే మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు.

ఎన్నికల్లో మాకు కత్తెర గుర్తు వచ్చింది. ఆటోకు మైకు కట్టించి, ఇల్లిల్లూ తిరిగి, చేతులు జోడించి దండాలు పెట్టింది నేను. ఒక వాడలో ముసలమ్మ అడ్డం తిరిగింది.

"నువ్వెందుకొచ్చినవ్ పటేలా? ఓటు నీకా, నీ పెండ్లానికా? ఆమెను తోలియ్యి."

సరేనని మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని పోయాను. ఆమె ప్రతి ఇంట్లోకీ పోయి కూర్చుంది. నల్లా తిప్పి చూసింది. ఇంటి వెనక మోరీ ఎటు పారుతుందో అడిగింది. వాళ్లు చెబుతూనే ఉన్నారు, ఆమె వింటూనే ఉంది. నేను బయట ఎండలో చెప్పుల దగ్గర నిలబడ్డాను. రాబోయే ఐదేళ్ల బతుకు ఎలా ఉండబోతోందో ఆ వాకిట్లోనే తెలిసిపోవాల్సింది. నేనేమో మంచి మెజారిటీ వస్తుందని సంబరపడ్డాను.

ప్రమాణ స్వీకారం అయ్యాక పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాను. చేతులున్న కుర్చీ. దాని వీపుకు తెల్ల తువ్వాల కూడా వేశాను, ఆఫీసర్లకు వేస్తారు చూడండి, అట్లాంటిది. ఆమె వచ్చి చూసింది.

"గీ కుర్సీ ఎవ్వలికి?"

"నాకే."

"మీరు వార్డు మెంబరా?"

"కాదు."

"పాపం సెక్రటరీ సార్ నిలబడి ఫైళ్లు చూపెడుతుండు. అండ్ల ఆయనను కూసోనియ్యుండ్రి."

పంచాయతీ సెక్రటరీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లగాడు. "థ్యాంక్స్ సార్" అని నాకే చెప్పి కూర్చున్నాడు. తువ్వాలకు తల కూడా ఆనించాడు. నేను కిటికీ పట్టుకుని కాసేపు నిలబడి, పొలం దగ్గర పనుందని చెప్పి వచ్చేశాను. పొలం దగ్గర ఏ పనీ లేదు.

మండల మీటింగ్‌లది మరో కథ. నా కారులోనే పోతాం, నేనే నడుపుతాను. మిగతా ఊళ్ల సర్పంచుల మొగుళ్లు పెళ్లాల వెంట లోపలికి పోయి, ముందు వరుసలో కూర్చుని, వాళ్ల బదులు లేచి మాట్లాడతారు. మా ఆమె గేటు దగ్గరే కారు దిగి, "లోపలికి సర్పంచులనే రమ్మన్నరు. మీరు చాయ్ తాగుండ్రి" అంటుంది. ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. అక్కడంతా ఆఫీసర్ల డ్రైవర్లే. మొదటిసారి పోయినప్పుడు ఒక డ్రైవర్ జరిగి నాకు చోటిచ్చాడు.

"అన్నా, నువ్వు ఎవరి బండి నడుపుతున్నవ్?"

"సర్పంచ్‌ది."

"జీతం మంచిగిస్తరా?"

"తిండి పెడతరు."

"అయితే నయమే" అన్నాడు. ఇప్పుడు మేమిద్దరం మంచి దోస్తులం. నేనెవరో అతనికి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక గట్టిగానే అరిచాను. నలుగురిలో నన్ను చులకన చేస్తున్నావని, పటేలోళ్ల ఇంటి మగవాణ్ణి డ్రైవర్ల పక్కన కూర్చోబెట్టావని అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"సంతకం నాది. అండ్ల తప్పుంటే జైలుకు పోయేది నేను. మరి కుర్సీల నేను కూసోక ఎవ్వలు కూసోవాలె?" అంది.

జవాబు లేని మాటలంటే నాకు మహా కోపం. అన్నం తినకుండా పడుకున్నాను. తర్వాత ఆకలేసి లేచి తిన్నాను. దాని మీద ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అదింకా మంట.

పొద్దున లేస్తే మా ఇంటికి జనం. ఒకప్పుడు కూడా వచ్చేవారు, అయితే అరుగు దగ్గరే ఆగేవారు. ఇప్పుడు అరుగు మీద నేను పేపరు చదువుతూ కూర్చుంటే "అమ్మ ఉన్నదా పటేలా?" అని నన్ను దాటి లోపలికి పోతున్నారు. చెప్పులు మాత్రం నా ముందు విడుస్తారు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో వచ్చారు. ఆమె ఇంట్లో లేదు. కూర్చోబెట్టి ఇద్దరి మాటా విన్నాను. మా నాయిన చెప్పినట్టే, ఎవరి మనసూ నొప్పించకుండా తీర్పు చెప్పాను. ఇద్దరూ తలలూపారు. నాకు చాలా రోజుల తరువాత కడుపు నిండినట్టయింది. పెద్దవాడు లేచి తువ్వాల దులుపుకుని, "సరే పటేలా, నువ్వు చెప్పింది బాగనే ఉన్నది. మరి అమ్మేమంటదో?" అన్నాడు.

ఆమె పని సరిగ్గా చేయకపోతే నాకింత బాధ ఉండేది కాదు. నాలుగు రోజులు చూసి, మొగుడు ఉంటేనే నయమని ఊరే అనేది. ఆమె చేస్తోంది. లైట్లు వెలుగుతున్నాయి, మోరీలు పారుతున్నాయి, పింఛను ఆగిన ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోతోంది. తిట్టడానికి ఒక్క సందు దొరకడం లేదు. ఇంట్లో ఉత్సవ విగ్రహం ఆమె అవుతుందనుకుంటే నేనయ్యాను. విగ్రహానికి కనీసం ఊరేగింపు ఉంటుంది.

ఊరేగింపు అంటే గుర్తొచ్చింది, అసలు చెప్పాలనుకున్నది దసరా గురించి.

మా ఊళ్లో దసరా నాడు సాయంత్రం మగవాళ్లంతా కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయట జమ్మి చెట్టు దగ్గరికి పోతారు. డప్పులు మొదట మా ఇంటి ముందుకు వస్తాయి. పటేల్ గడప దిగాకే ఊరు కదులుతుంది. జమ్మికి పూజ చేసి మొదటి కొమ్మ విరిచేది మా ఇంటి మనిషే. తరువాత అందరూ ఆకు తెంపుకుంటారు. దాన్నే బంగారం అంటాం. చిన్నవాళ్లు ఆ బంగారాన్ని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. మొదట నాకే పెట్టేవారు. సర్కారు పటేల్‌గిరీ తీసేసినా, భూమి కరిగినా, ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం నేను పటేల్‌ని. మిగతా ఏడాదంతా ఎవరేమన్నా ఆ సాయంత్రాన్ని తలచుకుని ఊరుకునేవాణ్ణి. ఆడవాళ్లు జమ్మి దగ్గరికి రారు. మగవాళ్లు తిరిగొచ్చాక గడప దగ్గర హారతి ఇస్తారు. హారతి పడకుండా లోపల కాలు పెట్టకూడదు. మా ఇంట్లో అయితే ఇంటి ఇల్లాలే ఇవ్వాలి. ఇది మా తాతల నాటి నుంచి ఉన్న పట్టింపు.

ఆమె సర్పంచ్ అయ్యాక వచ్చిన మొదటి దసరా అది. డప్పులు ఎవరి కోసం రావాలని ఊళ్లో మాట పుట్టింది. సర్పంచ్ పోవాలని కుర్రవాళ్లు అన్నారు. ఆడమనిషి జమ్మి దగ్గరికి పోవడమేంటని పెద్దవాళ్లు అన్నారు. రెండు వైపులా వాళ్లు మా ఇంటికే వచ్చారు, ఎందుకంటే పటేల్, సర్పంచ్ ఇద్దరూ ఉండేది ఆ ఒక్క ఇంట్లోనే. గౌరవం ఇల్లు దాటిపోవడం లేదు కదా అని నన్ను ఓదార్చిన వాళ్లూ ఉన్నారు. ఇంట్లోనే పోతే అది పోవడం కాదా?

రెండు రోజులు నాకు నిద్ర లేదు. ఆమె వస్తానంటుంది, అనుమానమే లేదు. కుర్చీ వదలని మనిషి జమ్మిని వదులుతుందా? ఏమనాలో పొలం గట్టున తిరుగుతూ ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. ఆనవాయితీ గురించి చెప్పాలి. మా తాత పేరు తేవాలి. కుర్చీ విషయంలో, మీటింగ్‌ల విషయంలో నేనెంత ఓర్చుకున్నానో చెప్పాలి. అవసరమైతే బతిమాలాలి కూడా. పెద్దమనుషుల్లో అందరికన్నా వయసు మళ్లినాయన, మా నాయిన దోస్తు, మా అరుగు మీద కూర్చుని ఉండగా ఆమె చాయ్ తెచ్చింది. ఇదే అదననుకుని గొంతు సవరించుకున్నాను.

"జమ్మి కాడికి నేనే పోతా" అన్నాను.

"పోండ్రి" అంది ఆమె.

"అంటే, నువ్వు సర్పంచ్‌వే, కాదనను. కని ఆనవాయితీ అనేది ఒకటి..."

"వద్దంటున్ననా? మీరే పోండ్రి. పండుగపూట నాకు ఇంట్ల సవా లక్ష పనులున్నయి. జమ్మి కాడ నాకేం పని?"

చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. పెద్దాయన నా వైపు చూసి, "అయిపాయె గదా. ఊకె పరేషాన్ అయినవ్" అన్నాడు. రెండు రోజులు కష్టపడి కూడబెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. గెలిచాను, నిజమే. అయితే కొట్లాడి గెలిచిన రుచి వేరు. ఆమెకు అవసరం లేనిది నాకు వదిలేసినట్టు అనిపించింది.

పండుగ రోజు మధ్యాహ్నం దాటాక నాయిన తలపాగా చుట్టుకున్నాను. పట్టు కండువా వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంది. సరిగ్గా డప్పులు మా గల్లీలోకి తిరుగుతుండగా ఊరికి నల్లా నీళ్లు వదిలేవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా ముందు నుంచే పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, బోరు మోటర్ కాలిపోయింది. ట్యాంకీల సుక్క నీళ్లు లేవు."

ఇంటింటా చుట్టాలు దిగి ఉన్నారు. ప్రతి ఇంట్లో యాట కోశారు. నీళ్లు లేకపోతే ఊరు ఊరుకుంటుందా? ఆమె కొత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బయటికి వచ్చింది. సిద్దిపేటలో తెలిసిన మెకానిక్‌కు అప్పుడే ఫోన్ కలిపింది. పండుగపూట రానన్నాడు కాబోలు, ఆ మెకానిక్ నాయినతో, అవ్వతో మాట్లాడి మొత్తానికి ఒప్పించింది. పోతూ పోతూ నా వైపు తిరిగింది.

"మీరు పోయి రాండ్రి. మీరొచ్చేటాళ్లకు ఇంట్ల ఉంట, హారతిస్త."

"యాది మరువకు" అన్నాను.

"మరుస్తనా?" అంటూ నీళ్లవాడి బండెక్కి పోయింది.

డప్పు మోగింది. ఊరంతా నా వెనక నడిచింది. అబద్ధం ఎందుకు, ఛాతీ పొంగింది. చెట్టు దగ్గర అయ్యగారు మంత్రం చదివారు, నేను కొబ్బరికాయ కొట్టాను, మొదటి కొమ్మ విరిచాను. జనం కేకలు వేస్తూ ఆకు మీద పడ్డారు. నేను తలపాగా సర్దుకుని, చెట్టు పక్కన రాయి మీద నిలబడి, చెయ్యి చాపి సిద్ధంగా ఉన్నాను.

ముందుగా గొర్రెలు కాసుకునే కుర్రవాడు వచ్చాడు. వంగి కాళ్లు మొక్కాడు. చేతిలో ఆకు పెట్టాడు. చల్లగుండు బిడ్డా అని దీవించబోయాను.

"గిది అమ్మకు పటేలా. మా గల్లీల లైటు పెట్టించింది. మర్శిపోకుండ ఇయ్యుండ్రి" అన్నాడు.

"ఇస్త" అన్నాను. ఇంకేమనాలి?

వాడి వెనక వాళ్లు ఆ మాట విన్నారు. అంతే, తోవ పడింది. ఒక్కొక్కడూ వస్తాడు, నా కాళ్లు మొక్కుతాడు, ఆకు పెడతాడు, "అమ్మకు నా దండం చెప్పుండ్రి" అంటాడు. నా చేతికిస్తే ఆమె చేతికిచ్చినట్టేనట. కాళ్ల సంగతి కూడా అంతేనన్నమాట. చెయ్యి నిండింది. కండువా విప్పి పట్టాను. రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు వరుస కట్టారు. కొందరు ఆకుతో పాటు అర్జీలు కూడా పెట్టారు. ఒకడు వాళ్ల అవ్వ పింఛను సంగతి గుర్తు చేయమన్నాడు. ఇంకొకడు మోరీ మీద బండ పగిలిందన్నాడు. ఒకడైతే ఆకు పెట్టి, "అమ్మ ఫోన్ ఎత్తుతలేదు, ఒకపారి చేయమనుండ్రి" అని నెంబరు కూడా చెప్పబోయాడు.

చివరికి మా నాయిన దోస్తు వచ్చాడు. ఆయన వయసుకు నేనే ఆయనకు ఆకివ్వాలి. ఆయనే ఒక రెమ్మ తెచ్చి కండువాలో వేశాడు.

"కోడలు పిల్లకియ్యి" అన్నాడు.

"నువ్వే గదా ఆడోళ్లు జమ్మి కాడికి రావద్దంటివి!" అన్నాను మండిపోయి.

"రావద్దన్న. జమ్మి ఆమె కాడికి పోవద్దన్ననా?"

కండువా మూట కట్టుకుని బయల్దేరాను. డప్పుల వాళ్లు అప్పటికే ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. పోయేటప్పుడు పటేల్‌ని. వచ్చేటప్పుడు మూట మోసే మనిషిని. ఊరు నా దగ్గర్నుంచి ఏమీ లాక్కోలేదు, ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు, అందరూ కాళ్లు కూడా మొక్కారు. అయినా నాకు మిగిలిన ఆ ఒక్క సాయంత్రం పోయింది. ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్లెం పెట్టి ఉంది. ఆమె లేదు. పెళ్లయిన కూతురు ఆ ఏడు అత్తగారింట్లోనే ఉండిపోయింది. గొళ్లెం తీసి లోపలికి పోవచ్చు, కాని హారతి పడలేదు. గడప బయట మెట్టు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లోపల వండిపెట్టిన మాంసం వాసన తలుపు సందులోంచి వస్తోంది. పొద్దున్నించి ఉపవాసం. ఫోన్ చేశాను.

"ఏడున్నవ్?"

"ట్యాంకీ కాడ. మోటర్ ఇప్పుతున్నరు."

"నేను గడప బైట కూసున్న."

"జర ఆగుండ్రి. నేను లేస్తే మెకానిక్ లేస్తడు. నన్ను చూసే ఆగిండు."

చీకటి పడింది. ఇళ్లల్లో నవ్వులు, గిన్నెల చప్పుళ్లు. జనం ఇల్లిల్లూ తిరుగుతూ జమ్మి పంచుతున్నారు. మా ఇంటి ముందు ఆగి, "అమ్మ రాలేదా?" అని అడిగి పోతున్నారు. పక్కింటి వదిన హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది.

"ఎంతసేపు కూసుంటవ్ మరిదీ? నేనిస్త లే, లోపలికి పోయి తిను."

"వద్దు వదినా. ఆమెనే ఇయ్యాలె."

"ఆమె ఎప్పుడొస్తదో ఏమో!"

"ఎప్పుడొస్తే అప్పుడే" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. వదిన పళ్లెంతో తిరిగి పోయింది. కుర్చీ పోనిచ్చాను, మీటింగ్ పోనిచ్చాను, జమ్మి కూడా పోయింది. ఆ హారతి ఒక్కటైనా నాకు పట్టకపోతే నేను ఆ ఇంట్లో ఏమవుతానో నాకు తెలియదు. అందుకే కూర్చున్నాను. ఆకలితో, కోపంతో, ఆమె రాగానే ఏమేం అనాలో వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాను.

ఆమె నడుచుకుంటూ వచ్చింది. కొత్త చీర అంచు బురదలో తడిసింది. చేతులకు గ్రీజు. నన్ను, మూటను చూసి ఆగింది.

"ఇంకా లోపలికి పోలేదా? వదిన ఇస్తుండె గదా హారతి."

"నువ్వు ఇస్తనన్నవ్."

ఆమె చేతులు కడుక్కుని, లోపలికి పోయి, దీపం వెలిగించి తెచ్చింది. హారతిచ్చింది. బొట్టు పెట్టింది. పళ్లెం పట్టుకున్న చేతి గోళ్లలో ఇంకా గ్రీజు ఉంది. పేర్చుకున్న మాటల్లో మొదటిది ఏదో అప్పటికి మరిచిపోయాను. గడప దాటాక మూట విప్పి ఆమె ముందు పెట్టాను.

"ఊరోళ్లు ఇచ్చిన్రు. నీకట. దండాలు కూడా చెప్పమన్నరు. ఎవరెవరో యాది లేదు."

ఆమె ఆ ఆకుల కుప్పను చూసింది. ఒక్కసారి ముఖం వెలిగింది, దాచుకోలేకపోయింది. తరువాత నన్ను చూసింది.

"మరి మీకు?"

"నాకేంది?"

"మీకెవ్వలియ్యలేదా?"

తలపాగా తీసి గూట్లో పెట్టాను. ఆమెకు అర్థమైంది. కుప్పలోంచి ఒక మంచి రెమ్మ ఏరి నా ముందుకు వచ్చింది.

"అది ఊరు నీకిచ్చింది" అన్నాను.

"నాకిచ్చినంక నాది. నేను ఎవ్వలికిస్తే ఏంది?"

నా చేతిలో పెట్టి, ఏడాదేడాదీ చేసినట్టే కాళ్లు మొక్కడానికి వంగింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను. అదే క్షణంలో ఆమె ఫోన్ మోగింది. ఒక చెయ్యి నా పాదం మీద ఉంచి, రెండో చేత్తో ఫోన్ ఎత్తింది. నీళ్లవాడి గొంతు నాక్కూడా వినిపిస్తోంది. ట్యాంకీ నిండుతోందట, ముందు ఏ వాడకు వదలమంటారని అడుగుతున్నాడు.

"జర ఆగు" అంది ఆమె వంగి ఉండగానే. "ఇంటాయన దీవిస్తుండు. అయినంక చెప్త."

వాడు ఆగాడు. అంటే నీళ్లు ఆగాయి, ఖాళీ బిందెలతో నల్లాల దగ్గర ఊరు ఆగింది. ఆమె సర్పంచ్ అయ్యాక నా కోసం ఊరు ఆగడం అదే మొదటిసారి. నేను చెయ్యి తీయలేదు. నాకు తెలిసిన దీవెనలన్నీ మెల్లగా, ఒకదాని తరువాత ఒకటి మనసులో అనుకుంటూ పోయాను.

"అయ్యిందా?" అంది కింది నుంచి.

"ఇంకా కాలే" అన్నాను.